కథ చివర తినేసిన తమ్ముడు

పళ్ళ డాక్టరు దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తున్న ఆ కాంపౌండరుకి రెండు విషయాల్లో పేరుంది. ఒకటి, నోరు తెరిచి కూర్చున్న మనిషి ఏం మాట్లాడినా ఆయనకి అర్థమవుతుంది. నోటినిండా దూదీ, గొట్టమూ, డాక్టరుగారి రెండు వేళ్ళూ ఉన్నా సరే, ఆ, ఊ, హా అని మూలిగితే చాలు, బస్సుకి టైమవుతోందిటనో, నొప్పి కుడివైపు కాదుట ఎడమవైపుటనో డాక్టరుగారికి చెప్పేస్తాడు. ఆ రెండో ముక్క సమయానికి అందించబట్టి ఒక బ్యాంకు మేనేజరుగారి మంచి పన్ను ఆయన నోట్లోనే మిగిలింది. ఇక రెండోది, ఆయన ఇంట్లో పిల్లలు లేరు గాని పిల్లల పుస్తకాలు నాలుగు వందల పన్నెండు ఉన్నాయి. అన్నీ పాత కథల పుస్తకాలే, అన్నీ మొదటి ముద్రణలే.

మొదటి ముద్రణ అంటే, ఆ పుస్తకం లోకంలోకి తొలిసారి వచ్చినప్పటి ప్రతి. తర్వాత వందసార్లు అచ్చేసినా, బంగారు పూత అట్ట వేసినా ఆయన కన్నెత్తి చూడడు. భార్యకి ఈ గొడవ అంతుపట్టేది కాదు. ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. తను కుట్టిన మొట్టమొదటి చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపువి వచ్చాయనీ, మొదటిదంటే అంత మురిసిపోవాల్సిందేమీ ఉండదనీ ఆవిడ వాదన. అదేనే గొప్ప, అనేవాడు ఆయన. రెండోసారికల్లా తప్పులన్నీ దిద్దేస్తారు, మనిషి అచ్చంగా దొరికేది మొదటిసారే. అయితే ఆ చొక్కా తొడుక్కుని తిరగండి, అనేది ఆవిడ.

పుస్తకాలుండే అద్దాల బీరువా ఒకప్పుడు క్లినిక్కుది. పేషెంట్ల పళ్ళకి తీసిన సున్నపు అచ్చులు అందులో వరసగా పెట్టేవారు. ఇప్పుడు అదే వరసలో కోతులూ, ఏనుగులూ, రాక్షసులూ, రాజకుమార్తెలూ పల్చటి కాగితం తొడుగులు వేసుకుని నిలబడి ఉంటారు. ఏ పుస్తకాన్నయినా ఆయన సగానికి మించి తెరవడు. వీపు విరుగుతుందని భయం. దుమ్ము దులిపే రోజున భార్య వెనకాలే, నెలల బిడ్డకి నీళ్ళు పోస్తుంటే తచ్చాడే అమ్మమ్మలా తిరుగుతుంటాడు.

ఇంత పిచ్చికీ మూలం ఆయన అక్క. ఆవిడ తమ్ముడికంటే ఐదేళ్ళు పెద్ద. టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరై, ఆ ఇంట్లోనే మేడమీద రెండు గదుల్లో ఉంటోంది. ఎవరితో మాట్లాడినా లైను ఎక్కడ కట్టయిపోతుందో అన్నట్టు ముఖ్యమైన ముక్క ముందే చెప్పేస్తుంది.

ఆవిడకి ఆరేళ్ళప్పుడు నాన్న ఒక పుస్తకం తెచ్చాడు. పేరు ‘గొడుగు కుందేలు’. ఒక కుందేలు గొడుగు కోసం రాజుగారి కోటకి వెళ్తుంది. గొడుగు తెరవగానే గాలి దాన్ని ఎత్తుకుపోయి, మూడు కొండలూ ఒక సముద్రమూ తిప్పి, మళ్ళీ అదే కోట కప్పు మీద దింపుతుంది. రాజు దాన్ని ఆకాశం నుంచి వచ్చిన రాయబారి అనుకుని విందు చేసి గుర్రబ్బండిలో ఇంటికి పంపిస్తాడు. అంతవరకూ ఆవిడకి ప్రతి మాటా కంఠతా. చివర్న ఏముందో మాత్రం గుర్తు లేదు. నాన్న అది చదివిన రాత్రి తను కడుపు చెక్కలయ్యేలా నవ్వి మంచం మీంచి కింద పడ్డ సంగతి మాత్రం మోచేతి మీద మచ్చతో సహా గుర్తుంది.

మర్నాడు ఆవిడ బడికి వెళ్ళింది. పద్నాలుగు నెలల తమ్ముడికి పళ్ళొస్తున్నాయి. చిగుళ్ళు దురద పెట్టి, చేతికందిన పుస్తకంలో చివరి రెండాకులు నమిలి మింగేశాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి మిగిలింది పేజీ నంబరున్న మూల ఒక్కటే. నాన్నని అడిగితే, ఏదో ఉందిలేవే, కుందేలు ఇల్లు చేరింది, నాకు గుర్తు లేదు అని చాలా తొందరగా అనేసి చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ పై నెల ఇంకో ప్రతి కొన్నారు. అది రెండో ముద్రణ. అందులో కుందేలుకి వాళ్ళమ్మ చీవాట్లు పెడుతుంది, కుందేలు బుద్ధి తెచ్చుకుంటుంది, కాబట్టి పిల్లలూ, మీరూ పెద్దల మాట వినండి. ఆరేళ్ళ పిల్ల పుస్తకం మూసేసి, దీనికి ఎవరైనా మంచం మీంచి పడతారా అని అడిగింది. ఆ ప్రశ్నకి అరవై ఏళ్ళుగా జవాబు లేదు.

ఈ అరవై ఏళ్ళలో తమ్ముడు చేసిన ప్రతి తప్పుకీ శిక్ష ఒకటే. పరీక్ష పోయినా, పాలు పొంగినా, “నువ్వు కథలు తినే రకంరా” అనేది అక్క. పెళ్ళిచూపుల్లో కూడా, మావాడికి వంటతో పేచీ లేదమ్మా, కాగితం పెట్టినా తింటాడు అని పిల్లకి ముందే చెప్పేసింది. ఆ పాపం కడుక్కోవడానికే ఆయన ఇరవయ్యో ఏట పాత పుస్తకాల కొట్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కుందేలు దొరకలేదు. దొరికినవన్నీ కొన్నాడు. ఎలుక కోసం తవ్వితే ఊరంతా బొరియలైనట్టు, ఒక్క పుస్తకం కోసం తిరిగిన మనిషి నాలుగు వందల పుస్తకాలవాడయ్యాడు.

ఊళ్ళో ఇలాంటి పుస్తకాలు దాచేవాళ్ళ సంఘం ఒకటుంది. దానికి పెద్ద, రిటైరైన జడ్జిగారు. ఇంకెవరి దగ్గరా లేని పుస్తకం ఒక్కటైనా ఉంటేనే అందులో కుర్చీ. ‘గొడుగు కుందేలు’ మొదటి ముద్రణ పట్టుకు రావయ్యా, అదే రోజు చేర్చుకుంటాను, అని జడ్జిగారు పన్ను పీకించుకున్న రోజున మాటిచ్చారు. దాన్ని గుర్తుపట్టడం కష్టమేం కాదు. అట్ట మీద బొమ్మలో గొడుగుకి ఏడే ఊచలుంటాయి. తర్వాతి ముద్రణల్లో బొమ్మ మళ్ళీ గీసి ఎనిమిది చేశారు.

కిందటేడు వానాకాలంలో ఒక ముసలాయన కట్టుడు పళ్ళకి కొలత ఇవ్వడానికి వచ్చాడు. మెత్తటి ముద్ద నింపిన పళ్ళెం నోట్లో పెట్టి మూడు నిమిషాలు కదలకుండా పట్టుకోవాలి. పేషెంటుకి కాలక్షేపం కావాలని కాంపౌండరు ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతుంటాడు. ఆ రోజు ఏడూచల గొడుగు సంగతి చెప్పాడు. ముసలాయన కళ్ళు పెద్దవయ్యాయి. ఊ, ఆ, హూ అంటూ చేతులూపడం మొదలుపెట్టాడు. ఊపిరాడటం లేదేమోనని డాక్టరుగారు పరిగెత్తుకొచ్చారు.

“తన దగ్గర ఉందంటున్నారండీ” అన్నాడు కాంపౌండరు, బిగుసుకుపోయి.

“ఏముంది?”

“కుందేలు.”

ముద్ద గట్టిపడటానికి ఇంకా రెండు నిమిషాలుంది. ఆ రెండు నిమిషాలూ ఆయన ముసలాయన గడ్డం పట్టుకుని, గడియారం కేసి చూస్తూ, మొదటిసారి స్టేజి ఎక్కిన పిల్లాడిలా కాలి వేళ్ళ మీద ఊగుతూ నిలబడ్డాడు.

ముసలాయన తండ్రి ఆ పుస్తకం అచ్చేసిన ప్రెస్సులోనే బైండరు. కుట్టు పూర్తయి, ఇంకా కోత మిషనుకి వెళ్ళని ప్రతి ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. ముసలాయన డబ్బు తీసుకోలేదు. కొత్త పళ్ళతో జామకాయ కొరికేలా చూడు చాలు అన్నాడు. కాంపౌండరు ఆ పళ్ళని నాలుగుసార్లు అరగదీసి సరిచేసి, దోర జామకాయ తనే తెచ్చి కొరికించి, పుస్తకం గుండెకి హత్తుకుని ఇంటికి నడిచాడు. నడిచాడంటే నడవలేదు. అరవై ఒకటో ఏట, పట్టపగలు, కరెంటాఫీసు వీధిలో గంతులేశాడు. చూసినవాళ్ళున్నారు.

అట్ట మీద ఊచలు ఏడు. రంగు నిన్న వేసినట్టుంది. అన్నిటికంటే గొప్ప విషయం లోపలుంది. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చేసి, మడిచి, కుట్టాక, మిషను అంచులు కోస్తేనే ఆకులు విడివడతాయి. దీనికి ఆ కోత పడలేదు. ఆకులు పైనా పక్కనా మడతల దగ్గర అంటుకునే ఉన్నాయి. అంటే పుట్టినప్పట్నుంచీ ఈ పుస్తకాన్ని ఒక్కరూ చదవలేదు. దాచేవాళ్ళకి ఇంతకు మించిన భాగ్యం లేదు. మెట్లు రెండేసి ఎక్కుతూ పైకెళ్ళి అక్కకి అదే శుభవార్త చెప్పాడు.

“ఎవరూ చదవలేదు సరే” అంది అక్క. “మనం ఎలా చదువుతాం?”

ఆయనకి అప్పుడు తట్టింది. నలభై ఏళ్ళు వెతికి, ఇంటిదాకా గంతులేసుకుంటూ వచ్చిన మనిషికి, చివర ఏముందన్న మాటే గుర్తు రాలేదు.

అక్క వంటగదిలోకి వెళ్ళి చాకు తెచ్చింది. ఆయన పుస్తకాన్ని చొక్కాలో దోపుకున్నాడు. కోస్తే అది మామూలు పాత పుస్తకమైపోతుందనీ, జడ్జిగారికి ముందే కబురు పెట్టాననీ, ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆయన స్వయంగా చూడటానికి వస్తున్నారనీ, కాగితం ఎండుటాకులా ఉంది కాబట్టి వంచి తొంగిచూసినా విరుగుతుందనీ బతిమాలాడు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే, అంది అక్క. “చిన్నప్పుడు తిన్నావు. ఇప్పుడు దొరికిందాన్ని దాచుకుని కూర్చున్నావు. నీకంటే చెదపురుగు నయంరా. కనీసం లోపలికెళ్ళి చూస్తుంది.”

మూడు రోజులు ఆవిడ కిందికి దిగలేదు. మాట్లాడాల్సి వస్తే మెట్ల మీంచి మరదల్ని పిలిచి, మీ ఆయన లైన్లో ఉన్నాడా అని అడిగేది. మరదలు కింద ఉన్నాయన్ని చూసి, ఉన్నారు వదినా, మాట్లాడతారా అనేది. అక్కర్లేదు, పెట్టెయ్యమను, అని జవాబు.

శనివారం నాడు ఒకామె వెనక దంతం వెనకవైపు ఏముందో చూడటానికి డాక్టరుగారు చెయ్యి చాచారు. కాంపౌండరు అలవాటుగా పొడుగు కాడకి పావలా కాసంత అద్దమున్న పరికరం అందించాడు. అది నోట్లోకి వెళ్ళింది. ఎవరి కంటికీ కనపడని పంటి వీపు అందులో మెరిసింది. ఆయన పకపకా నవ్వేశాడు. డాక్టరుగారు తలెత్తి చూశారు. ఆమె నోరు తెరుచుకునే ఏమైందని అడిగింది. మీ పన్ను చాలా బాగుందమ్మా, అన్నాడాయన.

ఆదివారం క్లినిక్కుకి సెలవు. పది గంటలకి తాళం తీసి, అక్కని లోపలికి పిలిచి, పెద్ద దీపం వేశాడు. పేషెంటు కుర్చీలో పుస్తకాన్ని పడుకోబెట్టి, తల ఆనించే చోట ఉతికిన గుడ్డ పరిచాడు. చేతులకి తొడుగులు వేసుకున్నాడు. ఆవిరి పట్టకుండా అద్దాన్ని వేణ్ణీళ్ళలో ముంచి తుడిచాడు. అక్క స్టూలు లాక్కుని, అపాయింట్‌మెంట్ల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను మూత తీసింది. ఆ మాత్రం ముస్తాబు ఏ పేషెంటుకీ జరిగి ఉండదు.

అద్దం చివరి మడతలోకి కింది వైపు నుంచి మెల్లగా జారింది. అక్షరాలు తిరగబడి కనిపించాయి. ఆయనకది లెక్కలోది కాదు. జీవితమంతా కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనపడే చోటే పనిచేశాడు. ఒక్కోసారికి నాలుగైదు అక్షరాలు చిక్కేవి. ఆయన చెప్పేవాడు, ఆవిడ రాసుకునేది. గుర్రబ్బండి ఆగింది. కుందేలు తలుపు కొట్టింది. ఇంకా ఏం లేకుండానే ఇద్దరికీ నవ్వొస్తోంది. కదలకు, అనేవాడు ఆయన. నేనెక్కడ కదిలాను, నువ్వే ఊగుతున్నావు, అనేది ఆవిడ. వాళ్ళమ్మ తలుపు తీసింది. వచ్చావా నాయనా, అంది. కాళ్ళు కడుక్కో, అంది. గంటన్నర పట్టింది అక్కడికి. చివరి పేజీ మరీ లోపలుంది. పైనా పక్కనా కూడా మడతే. ఆయన ఊపిరి బిగబట్టి అద్దం ఇంకొంచెం లోపలికి పోనిచ్చాడు.

“సరే గాని” అని చదివాడు. “గొడుగు ఏదీ?”

అక్క పెన్ను ఆగింది.

“కుందేలు తన చేతి కేసి చూసుకుంది. గొడుగు రాజుగారి కోటలో చిలక్కొయ్యకి వేలాడుతోంది. కాబట్టి కుందేలు గొడుగు కోసం బయల్దేరింది. ఎలా వెళ్ళిందో తెలియాలంటే మొదటి పేజీ తియ్యండి. ఈసారి నాన్నగారిని ఇంకొంచెం గట్టిగా చదవమనండి.”

అక్క కడుపులో ఎక్కడో నవ్వు మొదలైంది. నాన్న ఆ రాత్రి కథ ఒక్కసారి చదివి ఊరుకోలేదని ఆవిడకి గుర్తొచ్చింది. చివరికొచ్చి, పుస్తకం చెప్పిందని మొదటికెళ్ళాడు. మళ్ళీ చివరికొచ్చాడు. మళ్ళీ మొదటికెళ్ళాడు. మూడోసారికి గొంతు పోయింది. నాలుగోసారికి ఆయనే నవ్వాపుకోలేక కుందేలుకి బదులు రాజుని గొడుగెక్కించాడు. అయిదోసారి “గొడుగు ఏదీ” దగ్గర ఆవిడ మంచం మీంచి పడింది. మర్నాడు గుర్తు లేదని చొక్కా వేసుకుని ఆయనెందుకు పారిపోయాడో ఇప్పుడు అర్థమైంది. ఊళ్ళో నాన్నలందరూ కలిసి ఉత్తరాలు రాసి ఉంటారు, అందుకే రెండో అచ్చుకల్లా చీవాట్లు పెట్టించి కథ ముగించేశారు, అని అక్క ఒక్కో మాటకీ ఒక్కో నవ్వు చొప్పున చెప్పింది. చెబుతూ చెబుతూ స్టూలు మీంచి జారి, పడకుండా కాలు గట్టిగా తన్నిపెట్టింది.

ఆ కాలు కుర్చీ పెడల్ మీద పడింది.

కుర్చీ మూలిగి, పుస్తకంతో సహా పైకి లేచింది. అద్దం మడతలోనే ఉంది, కాడ ఆయన చేతిలోనే ఉంది. టర్రుమని చప్పుడైంది.

వేలు కొరికిన పేషెంట్లున్నారు, కడుపులో తన్నిన పేషెంట్లున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ చెయ్యి ఎక్కడా గీత పెట్టలేదు. ఇప్పుడు చివరి మడత సగందాకా వంకరటింకరగా చిరిగి వేలాడుతోంది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన చూశాడు. పల్చటి కాగితం అతికించి సర్దవచ్చు. మిగతా మడతలు ఇంకా కన్యలే. జడ్జిగారు నొసలు చిట్లిస్తారు గాని కుర్చీ ఇస్తారు. ఇదంతా ఆయన బుర్రలో దాచుకునేవాడి వైపు నుంచి గబగబా నడిచింది. ఇంకో వైపు నుంచి ఒక చిన్న మాట లేచింది. ఈ కథ అక్కకి కంఠతా వచ్చు, నాన్న అయిదుసార్లు చదివాడు, తిన్నవాడు తనే అయినా దీన్ని మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారీ విననివాడూ తనే.

“మొదటి పేజీ తియ్యమంటోందిరా పుస్తకం” అంది అక్క, మెల్లిగా. ఆశపడి అన్నది కాదు, నవ్వు ఇంకా ఆగక అన్నది.

ఆయన పంటి సిమెంటు కలిపే స్టీలు బద్ద తీసి, స్పిరిటుతో తుడిచి, మొదటి మడతలోకి పోనిచ్చాడు. అరవై ఏళ్ళ కాగితం సరసరమంది. చిన్న చిన్న నూగు పొట్టులా కుర్చీ మీద రాలింది. మొదటి కోతకి ఆయన చెంపలు వేడెక్కాయి. మూడో కోతకి ఈల వేశాడు. ఎనిమిదో కోతకి, అక్కా, నాలుగు వందల పన్నెండున్నాయే ఇంట్లో, అన్నాడు, వేరే ఎవరో తనకి ఇచ్చినట్టు. అక్క గట్టిగా చదవమంది. ఆయన గట్టిగా చదివాడు. రెండోసారి ఆవిడ చదివింది.

మూడు గంటలకి, ఇంట్లో భోజనం చల్లారిపోయిందని చెప్పడానికి భార్య వచ్చింది. బీరువాలో పుస్తకాన్ని ఇరవై ఏడేళ్ళుగా సగానికి మించి తెరవనివ్వని మొగుడు, విరగదీసినట్టు తెరిచిన పుస్తకం చేతికిచ్చి, ఈ రౌండు నీది, అన్నాడు. జ్వరమేమోనని ఆవిడ ఆయన నుదురు ముట్టుకుని చూసింది. తర్వాత చదివింది. రాజు గొంతు ఆవిడే బాగా పెట్టింది. “గొడుగు ఏదీ” దగ్గర ఆగి, ఇందుకా వదినా, ఇన్నేళ్ళు నా ప్రాణం తీశారు, అని నవ్వి, ఎవరూ చెప్పకుండానే మొదటి పేజీ తీసింది.

ఐదింటికి ఇంటికి వెళ్ళిన జడ్జిగారికి తాళం కనపడింది. ఎదురింటివాళ్ళు క్లినిక్కు దారి చూపించారు. ఆయన కర్ర తాటిస్తూ లోపలికొచ్చి, కళ్ళజోడు సవరించుకుని, కుర్చీ మీద రాలిన కాగితపు పొట్టు చూశారు. ముఖంలో రంగు మారింది.

“ఇది నువ్వే కోశావా?”

“కోశానండీ. ఒకటి చిరిగింది కూడా. అది కుర్చీ చేసింది.”

దాచుకునే ప్రతిగా చూస్తే ఇది పోయినట్టేననీ, కోసిన పుస్తకాన్ని సంఘం ముందు పెట్టలేననీ, ఆ కుర్చీ సంగతి ఇక మరిచిపొమ్మనీ జడ్జిగారు తీర్పు చెప్పారు. చెప్పడంలో కోపం కంటే బాధే ఎక్కువుంది. కాంపౌండరు తల వంచుకుని విన్నాడు. కొంచెం గుచ్చుకుంది కూడా. ఆ కుర్చీ ఆయనకి నిజంగానే కావాలి. కానీ మధ్యాహ్నం నుంచీ నవ్వి నవ్వి దవడలు పీకుతున్న ముఖంలో విచారం ఎంత పిలిచినా నిలబడటం లేదు.

జడ్జిగారు గుమ్మందాకా వెళ్ళి ఆగారు. తన దగ్గరా ఇలాంటి కోయనివి పదకొండున్నాయనీ, అన్నీ తాళంలోనే ఉన్నాయనీ, వాటిలో ఏముందో ఎప్పుడూ చూడలేదనీ గోడ కేసి చూస్తూ అన్నారు. తర్వాత, ఇంతకీ దీని చివర ఏముందయ్యా, అని అడిగారు.

చివర చెబితే అర్థం కాదండీ, మొదట్నుంచి వినాలి, అంది అక్క. కూర్చోవడానికి పేషెంటు కుర్చీ ఒక్కటే ఖాళీ. జడ్జిగారు అందులోకి ఎక్కి, కర్ర ఒళ్ళో పెట్టుకుని వెనక్కి వాలారు. మొదటి రౌండు కోర్టులో వాదన విన్నట్టే విన్నారు. రెండో రౌండులో, రాజు రాయబారి పత్రాలు చూడకుండా విందు ఎలా చేస్తాడని అభ్యంతరం చెప్పారు. మూడో రౌండు మధ్యలో ఆయన బొజ్జ కదలడం మొదలై, కర్ర కింద పడింది. కళ్ళు తుడుచుకుని, చీకటి పడుతోంది, ఇక వెళ్ళాలి, అని కాళ్ళు కిందికి దింపారు.

అక్క పేజీ తిప్పుతూ ఆయన కేసి తలెత్తి చూసింది.

“కథ ఇంకా అవలేదు కదండీ” అంది. “కూర్చోండి.”